తమ్ముడికి జబ్బు పేరు చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. పెళ్లయి హైదరాబాద్‌లో ఉంటున్నాను, నాకు 31 ఏళ్లు. బీటెక్ చివరి ఏడాది చదువుతున్న మా తమ్ముడికి (22) రెండు నెలల కిందట అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒక రకం బ్లడ్ క్యాన్సర్) అని తేలింది. మా ఇంట్లోనే ఉంచుకుని కీమో చేయిస్తున్నాం. అమ్మ వచ్చి ఉంది. నాన్న ఊళ్లో పత్తి చేను చూసుకుంటూ వడ్డీకి డబ్బు తెస్తున్నాడు. తమ్ముడికి మాత్రం 'రక్తంలో ఇన్ఫెక్షన్' అనే చెప్పాం. 'చెప్తే వాడు గుండె పగిలి చస్తడు' అని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. వాడు ప్రతిదానికీ అమ్మ మీద అరుస్తున్నాడు. మొన్న రాత్రి రెండింటికి నన్ను లేపి 'అక్కా, నాకేమైంది? నిజం చెప్పు' అన్నాడు. పడుకోమని కసిరాను. మూలుగ మార్పిడి అవసరం పడొచ్చు, మీ మూలుగ వాడికి సరిపోతుందో లేదో చూసే మ్యాచింగ్ పరీక్ష మీకు చేయాలి అంటున్నారు డాక్టర్లు. 'ఎముకల్లోంచి తీస్తే రేపు నీ నడుం పనిచేస్తదా, ఆరేళ్ల పిల్ల ఉంది' అంటోంది మా అత్తమ్మ. ఏం చేయాలో తెలియడం లేదు.

జవాబు:

అమ్మా,

రెండు నెలలుగా సరిగా నిద్రలేని మనిషి నోటి నుంచి రాత్రి రెండింటికి ఒక కసురు మాట వచ్చింది. అంతే. దాన్ని మనసులో పెట్టుకుని కుమిలిపోకండి. తమ్ముడు అమ్మను లేపలేదు, బావను లేపలేదు, మిమ్మల్ని లేపాడు. ఈ ఇంట్లో నిజం చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే అది అక్కేనని అనుకున్నాడు. ఆ నమ్మకం ఇంకా పోలేదు.

వాడికి తెలుసమ్మా. జబ్బు పేరుతో సహా తెలిసే ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. బీటెక్ కుర్రాడు, చేతిలో ఫోనుంది. ఫైలు మీద జబ్బు పేరుంది, సెలైన్ సీసా మీద మందు పేరుంది. పక్క మంచాల మీద జుట్టు ఊడినవాళ్లున్నారు. వెన్నులోకి సూది వేస్తున్నారు. ఇన్ఫెక్షన్‌కి ఇవన్నీ చేయరని వాడికి తెలియదా? నేను కౌన్సెలింగ్‌లోకి వచ్చిన కొత్తలో ఇలాంటి కుర్రాడే ఒకడు నాతో అన్నాడు: 'నాకు తెలిసిపోయిందని మా వాళ్లకి చెప్పకండి మేడమ్, అమ్మ తట్టుకోలేదు.' బయట వరండాలో వాళ్లమ్మ సరిగ్గా అదే మాట వాడి గురించి చెప్పి వెళ్లింది. ఒకే గదిలో ఉంటూ, ఒకరి కోసం ఒకరు దాచుకుంటూ, ఎవరి ఏడుపు వాళ్లు బాత్రూంలో ఏడ్చుకున్నారు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదేనని నా అనుమానం.

పైగా 22 ఏళ్లవాడు మేజరు. తన ఒంటికి చేసే వైద్యానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సింది తనే. జబ్బేమిటో చెప్పకుండా రేపు మార్పిడి కాగితాల మీద వాడిచేత సంతకం ఎలా పెట్టిస్తారు?

అమ్మను నేను తప్పుపట్టడం లేదు. ఆవిడ తరానికి బ్లడ్ క్యాన్సర్ అనే మాట నేర్పింది పాత సినిమాలు. దగ్గు, రుమాలు మీద రక్తం, చివరి రీలులో చావు. ఆ మాట వింటేనే కొడుకు పోయినట్టు ఆవిడకు అనిపిస్తోంది. కాబట్టి తమ్ముడికంటే ముందు మాట్లాడాల్సింది అమ్మతోనే. 'ఒట్టు తప్పుతున్నా' అని మొదలుపెట్టకండి. 'వాడు రాత్రి నన్ను లేపి అడిగాడమ్మా' అని జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆవిడ ఏడుస్తుంది, ఏడవనివ్వండి. తర్వాత ఈ ఒక్క సంగతి చెప్పండి: వాడికి వెన్నులోకి ఇస్తున్న మందు బహుశా మెథోట్రెక్సేట్ అయి ఉంటుంది, ఈ జబ్బులో మామూలుగా వాడేది అదే. దాన్నీ, దానికి ముందు వచ్చిన అమినోప్టెరిన్‌నీ తయారుచేసిన బృందాన్ని నడిపించినవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అమినోప్టెరిన్ ఇచ్చిన లుకేమియా పిల్లల్లో కొందరికి కొన్నాళ్లపాటు జబ్బు వెనక్కి తగ్గింది. ఆ రోజుల్లో అదే పెద్ద వింత. ఇవాళ ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో చాలామందికి పూర్తిగా నయమవుతోంది. పెద్దవాళ్లలో అంత తేలిక కాదు, ఆ మాట దాచను. కానీ మీ తమ్ముడి వయసువాళ్లకు పిల్లలకిచ్చే పద్ధతిలోనే గట్టిగా కీమో ఇచ్చి మెరుగైన ఫలితాలు చూస్తున్నారు. అమ్మ భయపడుతున్న సినిమాకీ, మీ తమ్ముడి వార్డుకీ చాలా దూరం ఉంది.

తమ్ముడికి చెప్పేటప్పుడు రాత్రి వద్దు. పగలు, జ్వరం లేని రోజు, వాడు కాస్త తిని కూర్చున్నప్పుడు పక్కన కూర్చోండి. ముందు మీరే అడగండి, 'ఆ రోజు అడిగావు కదరా, నీకేం అనిపిస్తోంది, ఏం తెలుసు?' అని. వాడు ఎక్కడిదాకా చెబితే అక్కడినుంచి అందుకోండి. జబ్బు పేరు మీ నోటితో ఒక్కసారి స్పష్టంగా పలకండి. 'ఏం కాదు, పూర్తిగా తగ్గిపోతుంది' అని మాత్రం మాట ఇవ్వకండి, అది మన చేతిలో లేదు. 'మందుంది, చేస్తున్నారు, రెండు మూడేళ్లు పడుతుంది, నేనున్నా' అన్నంతవరకు మన చేతిలో ఉంది. ఇన్నాళ్లు దాచినందుకు కోపగించుకుంటే ఆ కోపం న్యాయమే, సంజాయిషీ ఇచ్చుకోకండి. మిగతావి డాక్టరును అడగమనండి, ఆ గదిలోకి వాడినీ తీసుకెళ్లండి. పెళ్లి కావలసిన కుర్రాడు కాబట్టి పిల్లలు పుట్టే అవకాశం మీద ఈ మందుల ప్రభావం గురించి కూడా అడగాలి. అక్కతో, అమ్మతో ఆ మాట ఎత్తలేడు. డాక్టరు దగ్గర ఐదు నిమిషాలు వాణ్ని ఒంటరిగా వదలండి.

అరుపుల సంగతి. ఈ కీమోలో స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ మోతాదులో ఇస్తారు. వాటివల్ల నిద్ర పట్టదు, అర్ధరాత్రి ఆకలేస్తుంది, ముఖం ఉబ్బుతుంది, చీటికీమాటికీ కోపం, ఏడుపు. అమ్మ మీద అరుస్తున్నదాంట్లో వాడిదెంతో, మాత్రలదెంతో విడదీయలేం. అమ్మకు ఈ ఒక్కటి తెలిస్తే సగం బాధ తగ్గుతుంది. మరీ వింతగా మాట్లాడినా, బతకాలని లేదన్నా, అది మాత్రల వల్లేలే అని ఊరుకోకుండా అదేరోజు డాక్టరుకు చెప్పండి.

మీ ప్రశ్నలో లేదు గానీ ఇది చెప్పకుండా ఉండలేను. జ్వరం 100.4 డిగ్రీలు తాకిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరాలి. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు, డోలో వేసి తగ్గించి కూర్చోకూడదు. తెల్లకణాలు పడిపోయినప్పుడు గంటలు కూడా లెక్కే. థర్మామీటరు, ఫైలు, ఒక జత బట్టలు సంచిలో సర్ది తలుపు దగ్గరే ఉంచండి. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని బొప్పాయాకు రసం, ఎవరో చెప్పిన పసరు తాగించకండి. కీమోతో అలసిన కాలేయం వాటిని మోయలేదు. లుకేమియా అంటుకునేది కాదు, మీ పాప మామయ్య పక్కన కూర్చుని కథలు చెప్పించుకోవచ్చు. పాపకు జలుబో జ్వరమో ఉన్నప్పుడు మాత్రం దూరం. బళ్లో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇక మ్యాచింగ్. అత్తమ్మ భయం చాలామందిదే, ఆవిడతో వాదన వద్దు. ఎముక కోయరు. ఎక్కువగా నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, మూలుగలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు రక్తంలోకి వచ్చాక, చేతి నరం నుంచి మెషీన్‌తో కొన్ని గంటలపాటు తీస్తారు, ప్లేట్‌లెట్లు ఇచ్చినట్టే. ఆ రోజుల్లో ఒళ్లునొప్పులు ఉంటాయి, తర్వాత పోతాయి. కొన్నిసార్లు మత్తిచ్చి తుంటి ఎముక నుంచి సూదితో మూలుగ తీస్తారు, అప్పుడు కొన్నాళ్లు నడుము సలుపుతుంది. ఎలా తీసినా ఇచ్చింది ఒంట్లో మళ్లీ తయారవుతుంది. అత్తమ్మను ఒకసారి వెంటబెట్టుకెళ్లండి, డాక్టరు నోటితో వింటే ఆవిడ మెత్తబడొచ్చు. అయితే తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. బ్లడ్ గ్రూపు కలిసినంత మాత్రాన ఇది కలవదు. కలవకపోతే అది మీ లోపం కాదు. అప్పుడు సగం కలిసే అమ్మానాన్నల నుంచి గానీ, దాతల రిజిస్ట్రీల నుంచి గానీ చూస్తారు. ఇంకో జాగ్రత్త: మార్పిడి మాట ఉన్నప్పుడు రక్తసంబంధీకులు రోగికి రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వకపోవడం మంచిది. డాక్టరును అడగకుండా మీరు ఇవ్వకండి.

ఆ పని బంధువులకు పంచండి. యాపిల్ పండ్లు పట్టుకుని చూడ్డానికొస్తామనే వాళ్లతో 'ఇప్పుడు రావొద్దు, ప్లేట్‌లెట్ దాతల జాబితా మీరు చూసుకోండి' అనండి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు కాబట్టి మనుషులు వరసలో సిద్ధంగా ఉండాలి. మీవారి తరఫు కుర్రాళ్లు కూడా దీనికి పనికొస్తారు, అత్తమ్మకూ ఇంట్లో తన భాగం ఉందనిపిస్తుంది.

నాన్నకు చేను తాకట్టు పెట్టొద్దని ఇవాళే చెప్పండి. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిశారా? తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో కాగితం మీద రాయించుకోండి. మిగిలినదానికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవచ్చు. నాన్న డబ్బు కోసమే ఫోన్ చేస్తున్నట్టున్నాడు. రోజూ సాయంత్రం కొడుక్కి ఫోన్ చేసి పత్తి ఎట్లుందో, బోరు ఎంత పోస్తుందో చెప్పమనండి. జబ్బు ఊసులేని పది నిమిషాలు వాడికి ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు.

మీ సంగతి మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. వారంలో రెండు రాత్రులు అమ్మో, మీవారో తమ్ముడి దగ్గర పడుకోవాలి, మీరు వేరే గదిలో తలుపేసుకుని నిద్రపోవాలి. ఇది అడిగి తీసుకోండి, ఎవరో గమనించి ఇస్తారని ఎదురుచూడకండి.

ఈ ఆదివారం అమ్మతో మాట్లాడండి. ఈలోగా తమ్ముడు మళ్లీ రాత్రిపూట లేపి అడిగితే, 'నువ్వు అడిగింది మర్చిపోలేదురా, రెండు రోజుల్లో అమ్మా నేనూ కూర్చుని అంతా చెప్తాం' అనండి. ఆకలేస్తోందేమో అడిగి ఏదైనా వేడిగా చేసిపెట్టండి. మ్యాచింగ్ రిపోర్టు ఎలా వచ్చినా నాకు రాయండి.