పిల్లవాణ్ణి బడిలో వేసే ముందు పెరటి గుమ్మం చూడండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. బాబుకు మూడేళ్లు నిండాయి. మేమిద్దరమూ ఉద్యోగాలకు వెళ్తాము. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో వాడి వెనుక పరుగెత్తలేకపోతున్నారు. అందుకని వేసవి సెలవుల తర్వాత ప్రీస్కూల్లో వేద్దామనుకుంటున్నాము. ఒకచోట ఏసీ గదులు, కెమెరాలు ఉన్నాయి, అంతా ఇంగ్లీషులోనే నేర్పుతామంటున్నారు. ఇంకొకటి కాలువ గట్టున పాత పెంకుటింట్లో నడుస్తోంది. అక్కడి టీచరుగారు పిల్లలతో ఎంతో ఆపేక్షగా ఉంటారు. ఏది మంచిదో, ఏది క్షేమమో తేల్చుకోవడం ఎలా?
– ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు నా కంట పడిన మాట ‘కాలువ గట్టున’ అన్నది. పంట బోదె గానీ, చేపల చెరువు గానీ, మురుగు డ్రెయిను గానీ దగ్గర లేని ఇల్లు మన డెల్టాలో అరుదు కనుక, ఇక్కడ చిన్నపిల్లల బడిని చూడబోయినవారు ఆఫీసు గదిలో కూర్చునే ముందు పెరడంతా ఒకసారి తిరిగి రావాలి. ఇప్పుడు వేసవి, కాలువలకు నీళ్లు ఆపేసి ఉన్నారు కాబట్టి ఆ గట్టు మీకు నిరపాయంగానే కనిపిస్తుంది. నిండుగా పారే రోజుల్లో అది ఎలా ఉంటుందో ఊహించుకుని చూడండి. పసివాడు నీళ్లలో పడితే కేక వినిపిస్తుందని పెద్దలు నమ్ముతారు గానీ చాలాసార్లు చప్పుడే ఉండదు, కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకు కాలువే అక్కరలేదు, నీళ్లున్న బకెట్టు చాలు. బడికి వెళ్లని వయసు పిల్లలను నీటికి దూరంగా, పెద్దల కనుసన్నల్లో ఉంచే చోటు కల్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది కూడా ఈ కారణంతోనే.

కొన్నేళ్ల క్రితం నేను చూసిన ఒక బడికి ఎత్తైన ప్రహరీ ఉంది, ముందు గేటుకు తాళం ఉంది. వెనుక మాత్రం పనివాళ్ల రాకపోకలకు తీసిన గుమ్మానికి తలుపు లేదు, వెదురు తడిక చేరవేసి ఉంది. దాని కింది జానెడు సందులోంచి ఒక పాప చెప్పు అవతలి రేవు మెట్టు మీదికి జారింది. పాప బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి దూర్చి దాన్ని అందుకోబోతోంది. ఆయా లోపల అన్నం కలుపుతోంది. ఆ చిన్న చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే చెబుతున్నాను: ప్రతి గుమ్మానికీ గొళ్లెం పిల్లలకు అందనంత ఎత్తున ఉందా, సంపు మూత కదలకుండా ఉందా, బాత్‌రూములో బకెట్లు బోర్లించి ఉన్నాయా అన్నది మీ చేత్తో తాకి చూసుకోండి. ఆటస్థలం మీద కొబ్బరి చెట్లు ఉంటే చివరిసారి కాయల దింపు ఎప్పుడు తీయించారో అడగండి; ఎండు మట్ట పడినా చిన్నతల తట్టుకోలేదు.

ఇక మనుషుల సంగతి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒక పెద్దమనిషి, అంతకన్నా చిన్నవారైతే పది మందికి ఒకరు ఉండాలని 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం చెబుతోంది. చెప్పకుండా పదకొండు గంటల వేళ వెళ్లి, హాజరు పట్టీలో ఉన్న సంఖ్యనూ గదిలో ఉన్న తలలనూ మీరే లెక్కపెట్టండి. తల్లిదండ్రులను గేటు దాటనివ్వమనే బడిని అక్కడితో వదిలేయండి. కెమెరా జరిగినదాన్ని చూపగలదు గానీ పడబోయే బిడ్డను పట్టుకోలేదు. ఇంటికి పంపే వేళ ఎవరి బిడ్డను ఎవరి చేతికి ఇస్తున్నారో, ఆటోలో ఎందరిని కుక్కుతున్నారో గమనించండి. వంట తాటాకు పాకలో చేస్తుంటే అది తరగతి గదికి ఎంత దూరమో చూడండి. 2004లో కుంభకోణంలో వంటపొయ్యి నిప్పు బడి పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు.

చదువు గురించి ఎక్కువ దిగులు వద్దు. మూడేళ్లవాడికి పలక మీద అక్షరాలు దిద్దడం కన్నా ఇసుక, నీళ్లు, కథ, పాట ముఖ్యం. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసులో ఆటపాటలతోనే నేర్పమంటుంది, ఇంటిభాషకు పెద్దపీట వేస్తుంది. పాసుకు వెళ్లాలని, భయమేస్తోందని వాడు తెలుగులో చెప్పుకోలేని చోట ఇంగ్లీషు ఎంత వచ్చినా నాకు సమ్మతం కాదు. ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి టీచరు వంగి మాట్లాడుతున్నారా, దూరం నుంచి గదమాయిస్తున్నారా అన్నది చూస్తే ఆ బడి తీరు మీకే తెలుస్తుంది.

మీరు రాసినదాన్ని బట్టి నేనైతే పెంకుటింటి బడివైపే మొగ్గుతాను, అయితే కంచె లేకుండా మాత్రం కాదు. టీచరుగారితో మాట్లాడండి, మరో నలుగురు తల్లిదండ్రులను కలుపుకుని గట్టువైపు మనిషెత్తు కంచె, తాళం పడే తలుపు పెట్టించండి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేలోపు ఆ పని పూర్తికాకపోతే బాబును అక్కడ వేయకండి.