పాఠకుల ప్రశ్నలు: తయారీ ఆగిపోయిన రివాల్వర్‌కు తగిన ధర ఎంత?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. రెండేళ్ళుగా సెలవు రోజుల్లో నల్ల తుపాకిమందు దట్టించి కాల్చే పాతకాలపు రివాల్వర్లతో గురి సాధన చేస్తున్నాను. మా రేంజిలో పరిచయమైన ఒక పెద్దాయన తన రూగర్ ఓల్డ్ ఆర్మీ రివాల్వర్‌ను 900 డాలర్లకు ఇస్తానంటున్నారు. అది స్టెయిన్‌లెస్ రకం, గొట్టం పొడవు ఏడున్నర అంగుళాలు, గురిచూసే సైట్లు సర్దుకోవచ్చు. పెట్టె మాత్రం లేదు. తయారీ ఆగిపోయింది కాబట్టి ధర పెరగడమే కాని తగ్గడం ఉండదని ఆయన వాదన. నేను నెల రోజులు ఆన్‌లైన్ వేలాలను గమనించి, అమ్ముడైన ఆరింటి ధరలు రాసుకున్నాను: 610, 655, 690, 700, 745, 980. సగటు 730 వచ్చింది. ఎంత ఇవ్వవచ్చు?

జవాబు: ముందుగా మిమ్మల్ని మెచ్చుకోవాలి. అమ్మేవారు అడుగుతున్న ధరలు కాకుండా కొన్నవారు నిజంగా చెల్లించిన ధరలు రాసుకున్నారు. ఆరు నెలలుగా ఎవరూ ముట్టుకోని తుపాకి మీద ఎంత అంకె వేసి ఉన్నా, అది మీ లెక్కలోకి రాకూడదు. అయితే సగటు తీయడంలో చిన్న పొరపాటు జరిగింది. 980కి పోయినది బహుశా పెట్టె, కాగితాలు, కాల్చని సిలిండర్‌తో వచ్చి ఉంటుంది. ఆ ప్రకటనను మళ్ళీ తెరిచి చూడండి. పెట్టె లేని దానిని దానితో పోల్చడం కుదరదు. దాన్ని పక్కన పెడితే మిగిలిన ఐదింటి సగటు 680, నడిమి ధర 690. మీ బేరం అక్కడ మొదలుకావాలి.

ఇక పెద్దాయన వాదన సంగతి. ఓల్డ్ ఆర్మీని రూగర్ కంపెనీ 1972 నుంచి 2008 వరకు, అంటే 36 ఏళ్ళు తయారుచేసింది. అన్నేళ్ళు తయారైన వస్తువు తయారీ ఆగినంత మాత్రాన అరుదైపోదు. దాని ధర నిలబడటానికి కారణం వేరే ఉంది. ఇటలీలో తయారయ్యే రివాల్వర్లు 19వ శతాబ్దపు నమూనాలకు నకళ్ళు కాగా, ఇది రూగర్ వారి బ్లాక్‌హాక్ అనే తూటా రివాల్వర్ ఫ్రేము ఆధారంగా, పట్టీ స్ప్రింగులకు బదులు చుట్ట స్ప్రింగులతో రూపొందింది. గట్టిది, గురి తప్పనిది, అటువంటిది ఇప్పుడు కొత్తగా ఎవరూ తయారుచేయడం లేదు. అంటే దీన్ని ఎక్కువగా కోరేది అద్దాల బీరువాలో పెట్టుకునేవారు కాదు, కాల్చేవారు. అందువల్ల పెట్టె లేకపోవడం మీకు పెద్ద నష్టం కాదు కాని, లోపలి స్థితి బాగాలేకపోతే మాత్రం చాలా పెద్ద నష్టం.

నల్ల మందు కాలిన తరువాత మిగిలే మసిలో పొటాషియం లవణాలు ఉంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుని, కడగకుండా వదిలేసిన ఇనుమును కొద్ది రోజుల్లోనే తినేస్తాయి. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదని చాలామంది నమ్మకం. ఆలస్యంగా పడుతుందన్నది నిజం. కాబట్టి ముందు తుపాకిలో మందు లేదని రూఢి చేసుకుని, సిలిండర్‌ను బయటికి తీసి, చిన్న టార్చిలైటుతో మందు, గుండు దట్టించే ఆరు గదుల అడుగులనూ, వాటి వెనుక పేలుడు టోపీ తొడిగే నిపుల్ మరలు దిగే చోటునూ చూడండి. గొట్టం లోపల రైఫ్లింగ్ (గుండును తిప్పే మెలికల గాళ్ళ) అంచులు పదునుగా ఉన్నాయా, సన్నని గుంటలు పడ్డాయా అన్నది చూడండి. తరువాత టోపీ మీద కొట్టే హ్యామర్‌ను చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలిచేసరికి సిలిండర్ తన గాడిలో తాళం పడాలి. ఒక్క గది దగ్గరైనా మీరు చేత్తో తిప్పితే తప్ప తాళం పడకపోతే మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గాలి. నిపుల్స్ అరిగిపోవడం పెద్ద విషయం కాదు, అవి ఇతర తయారీదారుల నుంచి దొరుకుతాయి. సిలిండరే పాడైతే వేరొకటి వెతకడం కష్టం.

మరొక్క సూచన. ఈ రివాల్వర్‌కు 0.457 అంగుళాల సీసపు గుండు కావాలి, 0.44 కాలిబర్ (గొట్టం లోపలి కొలత, అంగుళాల్లో) నకళ్ళకు వాడే 0.451, 0.454 గుండ్లు దీనికి వదులవుతాయి. అమ్మే ఆయన తుపాకితోపాటు గుండ్ల డబ్బా ఇస్తానంటే దాని మీద అంకె చూడండి. తప్పుడు కొలత గుండ్లు కనబడితే, ఆయన దీన్ని ఎంత వాడారో, ఎంత జాగ్రత్తగా వాడారో మీకే తెలిసిపోతుంది.

గొట్టం మీద అమెరికా స్వాతంత్ర్యపు రెండువందలవ సంవత్సరం గురించిన అక్షరాలు ఉన్నాయని ఎక్కువ అడిగితే తొందరపడకండి. 1976లో తయారైన రూగర్ తుపాకులన్నిటి మీదా ఆ ముద్ర ఉంటుంది. కదలని సైట్లతో, పొట్టి గొట్టంతో చివరి ఏళ్ళలో వచ్చిన రకానికి అదనపు ధర ఇవ్వడంలో అర్థముంది కాని, మీకు చూపుతున్నది ఆ రకం కాదు.

నా అంచనా: గదులు, గొట్టం శుభ్రంగా ఉంటే 700, చేతితో పరీక్షించి తీసుకునే వీలు, రవాణా ఖర్చు లేకపోవడం కలిసివచ్చే అంశాలు కాబట్టి 750 వరకు వెళ్ళినా తప్పులేదు. గదుల్లో గుంటలు పడి ఉంటే 550కి కూడా నేను తీసుకోను. 900 మాత్రం ఏ విధంగానూ పొసగదు. పెద్దాయనతో పరిచయం చెడకుండా, మీరు రాసుకున్న ఆరు అంకెల కాగితం ఆయన ముందు పెట్టి మాట్లాడండి.

ప్రశ్న: ఒహాయోలో ఒక ఇంటి సామాను అమ్మకంలో కోల్ట్ పెట్టెలో ఉన్న 1851 నేవీ రివాల్వర్ చూశాను. రెండవ తరం అసలు కోల్ట్, ఒక్కసారీ కాల్చలేదు, 1,100 డాలర్లు అంటున్నారు. అది ఇటాలియన్ నకలేనని నా మిత్రుడి మాట. ఎవరిది నిజం?

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. కోల్ట్ కంపెనీ 1971లో ఈ నేవీతోనే తన పాత నమూనాలను మళ్ళీ తేవడం మొదలుపెట్టి 1982 దాకా కొనసాగించింది; రెండవ తరం అంటే ఇవే. వాటికి ముడి భాగాలు ఇటలీలోని ఉబెర్తి అనే తుపాకుల కంపెనీ నుంచి వచ్చేవి; పని ముగించి కోల్ట్ పేరుతో అమ్మినది మాత్రం అమెరికాలోనే. సేకరించేవారు వీటిని కోల్ట్‌గానే లెక్కిస్తారు. 1994 నుంచి 2002 వరకు బ్రూక్లిన్ నుంచి వచ్చిన సిగ్నేచర్ వరుస వేరు. పిడి వెనుక పట్టీ మీద శామ్యూల్ కోల్ట్ సంతకం ఉంటే అది ఆ వరుసదే, సాధారణంగా దాని ధర కొంత తక్కువ.

సిలిండర్ మీద చెక్కిన ఓడల యుద్ధాన్ని భూతద్దంతో చూడండి. అది 1843లో టెక్సస్ నౌకాదళం మెక్సికో ఓడలతో కాంపెచె దగ్గర చేసిన పోరాటం. గీతలు పదునుగా ఉంటే మంచిది. అరిగి, స్క్రూల చుట్టూ అంచులు గుండ్రబడి ఉంటే ఎవరో సానపట్టి మళ్ళీ నీలిపూత వేయించారన్నమాట. కాల్చలేదన్న మాటకు నిపుల్స్ చుట్టూ మచ్చ లేకపోవడం సాక్ష్యం. సిలిండర్ చుట్టూ సన్నని గీత కూడా లేకపోతే అసలు తిప్పనేలేదని అర్థం, ఎక్కువ ధర దానికే. కనుక అడగకుండా హ్యామర్ లాగవద్దు; ఒక్కసారి లాగినా ఆ గీత పడుతుంది, అమ్మేవారికి కోపం రావడంలో తప్పులేదు. పెట్టె చివరి చీటీ మీది సంఖ్య, ఫ్రేము మీది సంఖ్య ఒకటి కాకపోతే పెట్టెకు విడిగా విలువ కట్టవద్దు.

ప్రశ్న: పెన్సిల్వేనియాలోని మిత్రుడు ఇత్తడి ఫ్రేము ఉన్న 0.44 కాలిబర్ ఇటాలియన్ నకలు 1851 నేవీ రివాల్వర్‌ను 250 డాలర్లకు ఇస్తానంటున్నాడు. మేముండేది న్యూజెర్సీలో. వయసు ఎలా తెలుస్తుంది? విజయవాడ తీసుకువెళ్ళవచ్చా?

జవాబు: తుపాకిని పరీక్షించాక ఇటలీలో కొట్టే ముద్రల పక్కన చిన్న చదరంలో తయారీ సంవత్సరపు గుర్తు ఉంటుంది. 1975 గుర్తు ఏఏ. అంతకు ముందువి రోమన్ అంకెలు. కాని వయసు వల్ల దీనికి విలువ రాదు. అసలు 1851 నేవీ 0.36 కాలిబర్‌లోనే వచ్చింది కనుక చరిత్ర దృష్టితో కొనేవారు 0.44ను కోరరు. పైగా ఇత్తడి మెత్తని లోహం. ఎక్కువ మందు దట్టించి కాల్చి ఉంటే ఫ్రేము సాగుతుంది, సిలిండర్ వెనుక పలక మీద దాని అచ్చు పడుతుంది. అచ్చు కనబడితే గోడకు తగిలించే ధరే ఇవ్వండి. లేకున్నా, దీనికి సాటివి కొత్తవి ఇంకా వస్తున్నాయి కాబట్టి కొత్తదాని ధరలో సగం దాటవద్దు.

అమెరికా సమాఖ్య చట్టం ఇటువంటి నకళ్ళను పురాతన ఆయుధాల కోవలో చేర్చినా, న్యూజెర్సీ వీటిని చేతి తుపాకులుగానే చూస్తుంది. అనుమతిపత్రం లేకుండా ఇంటికి తేవద్దు. విజయవాడ ఆలోచన మానుకోండి. మన 1959 ఆయుధాల చట్టంలో పాత ఆయుధాలకు ఉన్న మినహాయింపు మరమ్మతు చేసినా పేలని వాటికే వర్తిస్తుంది. మన పల్లెల్లోని నాటు భర్మారు తుపాకికే లైసెన్సు కావాలి.