టెక్ సందేహాలు: బోర్డింగ్ పాస్ ఫొటో, పెరిగే టికెట్ ధర, పవర్ బ్యాంకు లెక్క

పండుగ టికెట్ల కాలం మొదలయ్యేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఫోన్ల సంగతి తగ్గి ప్రయాణాల సంగతి పెరుగుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ నెలకో, రెండు నెలలకో విమానాశ్రయమున్న దేవనహళ్లి దారి పట్టే తెలుగువారి నుంచి ఈ వారం వచ్చిన ప్రశ్నలన్నీ విమానం చుట్టూనే తిరిగాయి.

మారతహళ్లి పాఠకుడి ప్రశ్న: ఆఫీసు పనిమీద వెళ్లిన ప్రతిసారీ బోర్డింగ్ పాస్ ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం నాకు అలవాటు. అది ప్రమాదమని మా తమ్ముడు గొడవ చేస్తున్నాడు. బార్‌కోడ్ మీద గీత కొట్టేస్తే సరిపోదా?

జవాబు: మీ తమ్ముడి మాటే సరైనది. బార్‌కోడ్‌లో మీ పేరు, ఆరు అక్షరాల పీఎన్‌ఆర్, సీటు నంబరు వంటివి ఉంటాయి. వాటిని చదివే ఉచిత యాప్‌లకు కొదవ లేదు. దాని మీద గీత కొట్టినా అదే పీఎన్‌ఆర్ చాలా పాసుల మీద పక్కనే విడిగా అచ్చై ఉంటుంది. పీఎన్‌ఆర్, లాస్ట్ నేమ్ ఈ రెండూ తెలిస్తే చాలా ఎయిర్‌లైన్స్ సైట్లలో మీ బుకింగ్ తెరుచుకుంటుంది. ఇక్కడ మనవాళ్లకు ఒక చిక్కు అదనంగా ఉంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల మనలో చాలామంది టికెట్లలో లాస్ట్ నేమ్ గడిలో అందరూ పిలిచే పేరే ఉంటుంది కనుక, దాన్ని కనిపెట్టడానికి ఎవరూ కష్టపడనక్కరలేదు. 2020లో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ ఆబట్ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆధారంగా ఒక హ్యాకర్ ఆయన పాస్‌పోర్టు నంబరునూ, ఫోన్ నంబరునూ బయటకు తీయగలిగాడు. ఫోన్‌లోని హైలైటర్ పెన్నుతో గీసిన గీత కింద అక్షరాలు, ఫొటో వెలుతురు పెంచితే మళ్లీ కనిపించవచ్చని కూడా గుర్తుంచుకోండి. రానుపోను టికెట్ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, వెళ్లి దిగాక పెట్టినా తిరుగు ప్రయాణం ఇంకా ఆ నంబరు మీదే ఉంటుంది. ఎయిర్‌పోర్టు చేరిన సంగతి లోకానికి చెప్పాలని ఉంటే కాఫీ కప్పు ఫొటో పెట్టండి.

కె.ఆర్. పురం పాఠకురాలి ప్రశ్న: సంక్రాంతికి విజయవాడ వెళ్లడానికి మా ముగ్గురికి టికెట్లు వెతుకుతుంటే చూసిన ప్రతిసారీ ధర పెరుగుతోంది. ఇన్‌కాగ్నిటోలో చూస్తే తగ్గుతుందని మా వాట్సాప్ గ్రూపులో అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఈ ప్రశ్న ఏటా వస్తుంది, ఏటా ఇదే జవాబు రాస్తున్నాను. ఇన్‌కాగ్నిటో చేసే పని మీ బ్రౌజర్‌లో పాత కుకీలను, అంటే సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి దాచే చిన్న గుర్తులను, పక్కన పెట్టడం, వెతికిన చరిత్రను దాచుకోకపోవడం, అంతే. ధర నిర్ణయమయ్యేది మీ బ్రౌజర్‌లో కాదు, ఎయిర్‌లైన్స్ వారి రిజర్వేషన్ వ్యవస్థలో. అక్కడ ఒకే విమానంలోని ఎకానమీ సీట్లను, అన్నీ ఒకేలా ఉన్నా సరే, అనేక ధరల మెట్లుగా విడదీసి, ఒక్కో మెట్టుకు కొన్ని సీట్లు మాత్రమే కేటాయిస్తారు. కింది మెట్టులో సీట్లు అయిపోగానే పై మెట్టు ధర కనిపిస్తుంది. మీరు ఉదయం ఒకసారి, భోజనాల వేళ ఒకసారి చూసే లోపల బెంగళూరులోని మరెన్నో తెలుగు ఇళ్లలో కూడా అదే విమానాన్ని చూస్తున్నారన్న సంగతి మనకు తట్టదు. పైగా టికెట్ల సైట్లు ముందుగా దాచి ఉంచిన ధరను జాబితాలో చూపించి, మీరు నొక్కిన తరువాత అసలు ధరను తెచ్చుకోవడం కూడా ఉంది. డబ్బు కట్టే పేజీకి వెళ్లేసరికి అంకె మారిపోవడానికి ఒక కారణం అదే.

మీ ప్రశ్నలో అసలు పట్టించుకోవలసిన మాట "ముగ్గురికి" అన్నది. ముగ్గురికని వెతికితే, ముగ్గురికీ చోటున్న మెట్టు ధరనే ఆ వ్యవస్థ సాధారణంగా అందరికీ వేస్తుంది. కింది మెట్టులో 4,200 రూపాయల సీట్లు రెండే మిగిలి, పై మెట్టు 5,100 అనుకుందాం. ముగ్గురికి కలిపి వెతికితే 15,300 చూపిస్తుంది. ఇద్దరికి ఒకసారి, ఒక్కరికి ఒకసారి తీసుకుంటే 8,400, ఆ పైన 5,100 కలిపి 13,500 అవుతుంది. అంటే 1,800 రూపాయల తేడా ఏ ఇన్‌కాగ్నిటో అక్కరలేకుండానే బయటపడుతుంది. అందువల్ల ముందుగా ఒక్కరికి ఎంతో చూసి, తరువాత ముగ్గురికి చూడండి. తలసరి ధర ఒకటే అయితే విడదీసి లాభం లేదు. తేడా ఉన్నా తొందరపడకండి. పీఎన్‌ఆర్‌లు వేరైతే విమానం రద్దయినప్పుడు ఒకరిని ఉదయం విమానానికి, మరొకరిని రాత్రి విమానానికి మార్చినా అడిగే వీలు తక్కువ. ముగ్గురిలో ఒకరు చిన్నపిల్లలైతే ఈ పొదుపు జోలికి పోవద్దని నా సలహా.

ఎలక్ట్రానిక్ సిటీ పాఠకుడి ప్రశ్న: నా దగ్గర 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉంది. విమానంలో 100 వాట్-అవర్ల వరకే అనుమతి అంటున్నారు. 5 వోల్టులతో లెక్కేస్తే సరిగ్గా 100 వస్తోంది. తీసుకెళ్లవచ్చా?

జవాబు: తీసుకెళ్లవచ్చు, మీ లెక్కలో వోల్టేజీ ఒక్కటే తప్పు. 5 వోల్టులన్నది బయటకు వచ్చే కరెంటుది. 20000 అన్న అంకె లోపలి సెల్స్‌ది, వాటి వోల్టేజీ సాధారణంగా 3.7. 20000ను 3.7తో గుణించి 1000తో భాగిస్తే 74 వాట్-అవర్లు వస్తాయి. అదే పవర్ బ్యాంకు మీద చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని, అంటే 5 వోల్టుల దగ్గర బయటకు నిజంగా అందేది, 12000 దరిదాపుల్లో మరో అంకె ఉంటుంది చూడండి. 5000 ఎంఏహెచ్ ఫోను నాలుగుసార్లు నిండుతుందనుకుంటే రెండున్నర సార్లతో సరిపెట్టడానికి కారణం అక్కడ ఉంది. 30000 ఎంఏహెచ్ అయితే 111 వాట్-అవర్లు కనుక, 100 దాటి 160 లోపు ఉండేవాటికి వర్తించే నియమం ప్రకారం ఎయిర్‌లైన్స్ అనుమతి ముందే తీసుకోవాలి.

ఏ పవర్ బ్యాంకునైనా చెక్-ఇన్ సూట్‌కేసులో మాత్రం పెట్టకూడదు. లిథియం బ్యాటరీలో ఒక సెల్ వేడెక్కి అంటుకుంటే పక్క సెల్స్ కూడా వరుసగా అంటుకుంటాయి. అది మనుషుల మధ్య జరిగితే సిబ్బంది చూసి ఆర్పగలరు, సామాను గదిలో జరిగితే చూసేవారుండరు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్ విమానాశ్రయంలో నేల మీద ఉన్న విమానం కాలిపోయింది. సీట్ల పైనుండే సామాను అరలోని పవర్ బ్యాంకు వల్లే కావచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. అప్పటినుంచి ఆ దేశంలో పై అరలో పెట్టనివ్వడం లేదు. మనం కూడా కాళ్ల దగ్గరి సంచిలోనే ఉంచుకోవడం మేలు. మరొక మాట: అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును భద్రతా తనిఖీలో ఆపేయవచ్చు. మూడేళ్లు జేబులో అరిగిన నాది అలాగే పోయింది. వెనక "20" తరువాత ఎన్ని సున్నాలో నాకే కనిపించలేదు, ఇక వారితో ఏమని వాదించను?

హెబ్బాళ పాఠకుడి ప్రశ్న: ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా మ్యాప్‌లో నీలం చుక్క కదులుతోంది. ఫోను సరిగ్గా పనిచేయడం లేదా?

జవాబు: బాగానే పనిచేస్తోంది. ఫ్లైట్ మోడ్ ఆపేది ఫోను పంపే సంకేతాలను. జీపీఎస్ ఏమీ పంపదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చేదాన్ని వింటుందంతే. బయలుదేరే ముందు ఇంటి వైఫైలోనే ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకుని, కిటికీ పక్క సీటు తీసుకుని, ఫోనును అద్దానికి దగ్గరగా పట్టుకోండి. నడిమి సీటులో చుక్క దొరకడం కష్టం. గన్నవరంలో దిగే ముందు చుక్క కృష్ణను దాటేసరికి కిందకు చూడండి. మబ్బు లేకపోతే ఇసుక తిన్నెలు కూడా లెక్కపెట్టవచ్చు.