వాక్యం చెవికెక్కడం లేదన్న ప్రశ్నకు సమాధానం

బ్రదర్, చిన్నప్పటి నుంచి చర్చిలోనే పెరిగినా ఇప్పుడు వాక్యం చెవికెక్కడం లేదు, విశ్వాసం పోయిందేమో అని టెన్షన్ పడుతున్నారు కదా. ఒకసారి బైబిల్లో మార్కు సువార్త 6వ అధ్యాయం తీయండి. యేసు పెరిగిన ఊరైన నజరేతువాళ్లు ఆయన బోధకు ముందు ఆశ్చర్యపోయారు. వెంటనే వడ్రంగి కదా, మరియ కొడుకే కదా అంటూ యాకోబు, యోసే, యూదా, సీమోను అని సహోదరుల పేర్లు కూడా ఏకరువు పెట్టారు. అంతా తెలుసనుకున్నాక ఇంక అడిగేదేముంది? అందుకే అక్కడ యేసు చేత బాగుపడింది కొద్దిమంది రోగులే.

అయితే ఆ ఊరివాళ్లు ఆయన విషయంలో అభ్యంతరపడ్డారు, మీరు బాధపడుతున్నారు. రెండూ ఒకటి కావు. యేసు సహోదరులే యోహాను సువార్త 7లో ఆయన్ని నమ్మలేదు, అపొస్తలుల కార్యములు 1లో మాత్రం మేడగదిలో ప్రార్థన చేస్తూ కనిపిస్తారు.

బట్టీపట్టిన వచనాలు కొన్నాళ్లు పక్కన పెట్టి, మార్కు సువార్తలోని 16 అధ్యాయాలూ ఒకే బిగిన చదవండి. 'ఇది తెలిసిందేలే' అనిపించిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టి, అక్కడే మళ్లీ నెమ్మదిగా చదవండి.