నాన్నగారికి కాకినాడ సంగతి చెప్పండి

ప్రశ్న: బోస్టన్ దగ్గర ష్రూస్‌బరీలో ఉంటాను. ఆగస్టులో జరిగే, క్యాన్సర్ ఆస్పత్రికి చందాలు పోగుచేసే సైకిల్ యాత్ర పాన్-మాస్ ఛాలెంజ్‌కి ఆఫీసు టీమ్‌తో పాటు నేనూ పేరిచ్చాను. తొక్కడం గురించి బెంగ లేదు కానీ, చందాలు అడగాలంటే చచ్చే సిగ్గుగా ఉంది. గుంటూరు నుంచి నాన్న “చందాలు అడుక్కోవడానికా అమెరికా వెళ్ళింది?” అంటున్నారు. మీరు ఏటా తొక్కుతారు కదా, ఎలా అడుగుతారు?

జవాబు: ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో బోస్టన్‌లో దిగింది సొంత డబ్బుతో కాదు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ వాళ్ళు ఆదుకుంటామని మాటిచ్చారు, మామగారు ప్రయాణానికి డబ్బు పోగుచేసి పంపారు. ఆయనే తర్వాత మందుల కంపెనీ లెడర్లీ ల్యాబ్స్‌లో తన బృందంతో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మీద, దానికి అడ్డుపడే మందుల మీద పనిచేశారు. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాలు పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చం దానిలా కనిపించే అమినోప్టెరిన్ చేరితే ఆ పని ఆగిపోతుంది. ఆ మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా వచ్చిన పిల్లలకు ఇచ్చి, ఫలితాలు 1948లో ప్రచురించారు. 16 మందిలో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు వెనక్కి తగ్గింది. ఇప్పుడు మీరు చందాలు పోగుచేస్తున్నది ఆ ఫార్బర్ మొదలుపెట్టిన సంస్థకే, డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి. ఇదంతా చెప్పాక నాన్నగారు ఏమంటారో నాకు రాయండి.

ఇక అడగడం. వాట్సాప్ గ్రూపులో లింకు పడేస్తే చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వస్తాయి, డబ్బులు రావు. ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. “మీకు తోచినంత” అనకండి, ఎవరికీ ఏమీ తోచదు. “యాభై డాలర్లు ఇస్తారా?” అనండి, అవుననో కాదనో తేలిపోతుంది. పనిచేసే కంపెనీ అంతే మొత్తం కలుపుతుందేమో కనుక్కోమని వాళ్ళకూ చెప్పండి. మనవాళ్ళు చాలామంది ఆ ఫారం నింపనే నింపరు, ఎందుకో మరి. వాళ్ళింట్లో ఎవరైనా క్యాన్సర్‌తో పోయి ఉంటే పేరు అడిగి జెర్సీ మీద రాసుకోండి. నేను సరుకులు కొనే ఇండియన్ స్టోర్‌లో బిల్లు కొట్టే నల్గొండ ఆవిడ అయిదు డాలర్లు చేతిలో పెట్టి, “మా అమ్మ పేరు తెలుగులోనే రాయండి అన్నా” అంది. ఆ ఏడాది నాకు వచ్చిన పెద్ద చెక్కు ఎవరిదో ఇప్పుడు గుర్తులేదు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే తెలుసుకోండి. ఒప్పుకున్న మొత్తం గడువులోగా రాకపోతే తక్కువైనది మీ క్రెడిట్ కార్డు మీదే పడుతుంది. సిగ్గు దానంతటదే పోతుంది.

ప్రశ్న: డబ్బు నేరుగా ఆస్పత్రికి ఇచ్చేయొచ్చుగా, మధ్యలో ఈ సైకిళ్ళెందుకు? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇచ్చేయండి, ఎవరు వద్దన్నారు? కానీ ఇవ్వం కదా. బిల్లీ స్టార్ అనే అతను తల్లిని మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో పోగొట్టుకున్నాక, 1980లో మరికొందరిని కూడగట్టి ఈ యాత్ర మొదలుపెట్టాడు. 36 మంది తొక్కి 10,200 డాలర్లు తెచ్చారు. ఇప్పటికి మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. రైడర్ల పేరున వచ్చిన విరాళం అంతా డానా-ఫార్బర్‌కే వెళుతుంది. నిర్వహణ ఖర్చులకు స్పాన్సర్లు, రిజిస్ట్రేషన్ ఫీజులు ఉన్నాయి. పైగా తొక్కేవాళ్ళలో చికిత్స తీసుకుని బతికి బయటపడ్డవాళ్ళూ ఉంటారు. గుట్ట ఎక్కుతుంటే అలాంటి డెబ్బై ఏళ్ళావిడ నన్ను దాటుకుపోయి, వెనక్కి తిరిగి “కమాన్!” అంది. చెక్కు రాసి పోస్టులో పడేస్తే ఆవిడ నాకు తగిలేది కాదు.

ప్రశ్న: మా ఆయనకు యాభై దాటాయి. స్టర్‌బ్రిడ్జ్ నుంచి ప్రావిన్స్‌టౌన్ దాకా రెండు రోజుల్లో దాదాపు 300 కిలోమీటర్లట! నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు డాక్టరుకు చూపించి గుండె పరీక్ష చేయించండి. అది బాగుంటే మిగతాది సాధనే. వరుసగా శని, ఆదివారాలు రెండూ తొక్కాలి, ఎందుకంటే రెండో రోజు పొద్దున మళ్ళీ సీటు మీద కూర్చోవడమే అసలు కష్టం. మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు. మగవాళ్ళు ఈ మాట అడగరు, ఒరుసుకుపోయాక తెలుసుకుంటారు. ఆకలి వేసేదాకా ఆగకుండా అరటిపండో, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంపో తింటూ ఉండాలి. గుట్టలు మొదటిరోజే ఎక్కువ. రెండో రోజు చివర్లో ట్రూరో దాటాక సముద్రపు గాలి ఎదురుకొడితే, ఎవరో ఒకరి వెనకాల చేరిపోమనండి. శనివారం రాత్రి పడక బోర్న్‌లోని మారిటైమ్ అకాడమీలో. అలసిపోయిన మగాళ్ళందరి గురకా ఒక్కచోటే, చెవుల్లో పెట్టుకునే దూది మరిచిపోకుండా సర్దండి.