కమాను పట్టా కత్తి మీద పేరు చెరిగిపోకుండా ఎలా వేయాలి?

చిత్తూరు దగ్గర కొలిమిలో లారీ కమాను పట్టాలతో (చక్రాల దగ్గరుండే స్ప్రింగు పట్టీలు) వంటింటి కత్తులు చేస్తున్నామనీ, పేరు వేసేదానికి లేజరు మేలా, యాసిడ్ మేలా అనీ అడిగారు. రెండూ వద్దు. ఉప్పునీళ్లు, పాత రూటర్ అడాప్టరు (12 వోల్టులు, 1 ఆంప్) చాలు. పేరు మేర తెరిచిన స్టిక్కరు కత్తికి అంటించి, ఉప్పునీళ్ల దూదితో కరెంటు పారిస్తే తెరిచిన చోట ఇనుము కరిగి పేరు లోతుగా పడుతుంది.

లేజరు ఒక్క విడతలో గీసే నల్లగీత కొట్లో చూసేదానికే బాగుంటుంది. మన ఇళ్లల్లో కత్తిని చింతపండేసి తోముతారు, ఆ పులుపుకు పైపై నలుపు పోతుంది. ఆవకాయకు కాయలు కోస్తే కమాను పట్టా ఉక్కు (కార్బన్ స్టీలు) మొత్తం బూడిదరంగుకు తిరిగి, లోతులేని ముద్ర అందులో కలిసిపోతుంది. యాసిడ్‌గా వాడే ఫెర్రిక్ క్లోరైడ్ అయితే స్టిక్కరు అంచు కిందికి పాకుతుంది, చింది పడిన చోటల్లా మరక. ముందు లోతు రావాలి, నలుపు తర్వాత.

కత్తికి నీరుపెట్టి (ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరచి), పెళుసు తగ్గేలా మళ్లీ కాస్త కాచి, 400 నంబరు ఎమరీతో రుద్దిన తర్వాతే ఈ పని. కొలిమి నల్లపొర కొంచెం మిగిలినా అక్కడ కరెంటు సరిగా పారదు. థిన్నరుతో తుడిచాక వేలు తగలనీయొద్దు.

ఎక్కువ పాడయ్యేది స్టిక్కరు దగ్గరే. నంబరు ప్లేట్లు చేసే రేడియం స్టిక్కరు కొట్టులో కట్ చేసిస్తారు. కానీ వాళ్ల చెయ్యి అలవాటు కొద్దీ చుట్టూ ఉన్నది పీకేసి అక్షరాలు మిగులుస్తుంది. మనకు కావలసింది తిరగేసి: అక్షరం పోవాలి, చుట్టూ ఉన్నది నిలవాలి. తెలుగు అక్షరాలకు ఇంకో చిక్కు: ‘ర’, ‘ఠ’ లోపలి గుండ్రటి ముక్క ఊడిందంటే అక్కడ మచ్చ పడుతుంది. ట్రాన్స్‌ఫర్ టేపుతో (ముక్కలన్నిటినీ చోటు తప్పకుండా ఎత్తి అంటించే టేపు) కలిపి ఇమ్మనండి. ఎత్తు 8 మిల్లీమీటర్లు, గీత మందం 1 మిల్లీమీటరుకు తగ్గొద్దు. ఈ చిక్కుకు జడిసి అందరూ ఇంగ్లీషు పొడి అక్షరాలు వేసుకుంటున్నారు, అదేం సరదానో!

గ్లాసు నీళ్లకు చెంచా ఉప్పు. అడాప్టరు తీగల్లో ఏది ప్లస్సో తెలియకపోతే రెండు కొసలూ ఎడంగా ఆ నీళ్లల్లో పెట్టండి, బుడగలు ఎక్కువొచ్చేది మైనస్. ప్లస్ కత్తికి, మైనస్ దూది చుట్టిన మేకుకు. తిరగబడితే మేకు కరుగుతుంది, కత్తికి ఏమీ కాదు. దూదిని ఉప్పునీళ్లల్లో ముంచి, పిండేసి, అక్షరాల మీద 3 సెకన్లు అద్దడం, 2 సెకన్లు ఎత్తడం, 20 సార్లు. అదిమిపట్టి కూర్చుంటే వేడికి జిగురు మెత్తబడి, నీళ్లు అంచు కిందికి చేరి అక్షరం ఉబ్బినట్టు వస్తుంది. దూది నల్లబడగానే మార్చండి. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఉప్పునీళ్ల నుంచి కాస్త క్లోరిన్ వస్తుంది.

నలుపుకు అదే దూదిని 12 వోల్టుల ఏసీ ట్రాన్స్‌ఫార్మరుతో 10 సెకన్లు అద్దితే సరి. ఇంటి కరెంటును నేరుగా మాత్రం తగిలించొద్దు.

స్టిక్కరు పీకి, తినే సోడా కలిపిన నీళ్లల్లో పాత బ్రష్షుతో గీతల లోపలిదాకా తోమి, తుడిచి ఆరబెట్టి కొబ్బరినూనె రాయండి. తెల్లారేసరికి గీతల్లో ఎర్రతుప్పు కనిపిస్తే లోపల ఉప్పు మిగిలినట్టే, మళ్లీ సోడాతో తోమాలి.