ట్యాంకులో వెల్డింగ్: ముందు ఆ చుక్కల మందు ఆపండి

ప్రశ్న: మాది గాజువాక. ఓడల మరమ్మతుల్లో ఇరుకు ట్యాంకుల్లోకి దిగి వెల్డింగ్ చేస్తాను. వెల్డింగ్ వెలుగుకు గ్లాసు దానంతటదే నల్లబడే ఆటో డార్కెనింగ్ హెల్మెట్ కొనాలనుకుంటున్నాను, ఏ షేడ్ (గ్లాసు నలుపు స్థాయి) మంచిది? అప్పుడప్పుడు రాత్రిళ్లు కంట్లో ఇసుక పోసినట్లు మండితే మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నాను, తగ్గిపోతోంది.

సమాధానం: హెల్మెట్ కంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నవి ఆ చుక్కలు. పరీక్షించకుండా రూఢిగా చెప్పలేను గానీ, ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాలకు మీ నల్లగుడ్డు పైపొర కమిలి ఉండవచ్చు. ఈ మంట సాధారణంగా 6 నుంచి 12 గంటల తరువాత మొదలై, ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది కనుక, చుక్కలే తగ్గించాయని చాలామంది నమ్ముతారు. షాపులో అడిగి తెచ్చుకునే వాటిలో కొన్ని కంటిని మొద్దుబారుస్తాయి. పదేపదే వేస్తే పైపొర మానదు, ఇనుప రజను ఇరుక్కున్నా తెలియదు, పుండు పడి చూపే దెబ్బతినవచ్చు. స్టెరాయిడ్ చుక్కలైతే కంటిలో ఒత్తిడిని పెంచి నీటికాసులకు దారి తీయవచ్చు. వాటిని వెంటనే ఆపి, ఆ సీసాతో సహా ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో గానీ దగ్గరలోని నేత్ర వైద్యులకు గానీ ఈ వారంలోనే చూపించుకోండి. చూపు మసకబారినా, ఒక కన్నే నొప్పి పెట్టినా ఆ రోజే వెళ్లాలి. కంట్లో చనుబాలు పోయించుకోవడం, తోటివారితో రుమాలు అంచుతో నలుసు తీయించుకోవడం దయచేసి మానండి.

కడ్డీ వెల్డింగ్‌లో 60 నుంచి 160 ఆంపియర్ల వరకు షేడ్ 10, 160 నుంచి 250 వరకు 12 సాధారణంగా సూచిస్తారు. ఇరుకు చోట పైపు అడ్డొస్తే సెన్సారుకు ఆర్క్ అందక గ్లాసు నల్లబడకపోవచ్చు కాబట్టి నాలుగు సెన్సార్లున్నది మేలు. ట్యాంకు గోడల మీద పడిన వెలుగు వెనుక నుంచి కూడా హెల్మెట్‌లోకి వస్తుంది. పక్కలు మూసి ఉన్న పాలికార్బొనేట్ కళ్లద్దాలు లోపల తప్పక పెట్టుకోండి, స్లాగ్ (అతుకు మీద గట్టిపడిన పెచ్చు) కొట్టేటప్పుడూ తీయకండి. మీ హెల్పరుకూ అవి కావాలి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఏ ముఖకవచమూ ఊపిరికి హామీ కాదు. వెల్డింగ్‌లో వాడే ఆర్గాన్ వంటి వాయువులు ట్యాంకులో ప్రాణవాయువును తోసేస్తాయి, మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. గాలిలో ప్రాణవాయువు 19.5 శాతం కంటే తక్కువుంటే ఫ్యానుతో నడిచే ఫిల్టర్ హెల్మెట్ కూడా ఆదుకోదు, బయటి నుంచి గొట్టం ద్వారా శ్వాసకు తగిన గాలి అందాలి. గాలిని కొలిచి పర్మిట్ ఇచ్చాక, మూత దగ్గర ఒక మనిషి నిలబడ్డాకే లోపలికి దిగండి.